పైలట్ చదువుకు విదేశం: డబ్బు కట్టే ముందు తెలుసుకోవాల్సిన వరుస



పోయిన పేరెంట్ టీచర్ మీటింగులో తొమ్మిదో తరగతి అమ్మాయి నాన్నగారు ఒకరు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టాక కూడా కుర్చీలోంచి లేవలేదు. వెనక వరుసలో వేరే పేరెంట్స్ ఎదురుచూస్తున్నారు. ఆయన కాస్త గొంతు తగ్గించి అడిగారు: "మేడమ్, మా పాప పైలట్ అవుతానంటోంది. ఇంటర్ అవగానే అమెరికా పంపిస్తే ఏడాదిన్నరలో పైలట్‌ని చేసి పంపిస్తామని ఒకాయన చెప్పాడు. 60 లక్షలట. ఊళ్లో స్థలం ఉంది. ఇప్పటి నుంచే బేరం పెట్టమంటారా?"

నేను ఇంగ్లిష్ టీచర్‌ని. విమానాల గురించి నాకు తెలిసింది చాలా తక్కువే ఉండేది. కానీ ఆ మాట వినగానే మా పెదనాన్నగారి మామిడి తోట గుర్తొచ్చింది. "ఇప్పుడే ఏమీ అమ్మకండి సార్. వివరాలు కనుక్కుని న్యూస్‌లెటర్‌లో రాస్తాను" అన్నాను. ఆ మాట ప్రకారం రాస్తున్నదే ఇది.

మా ఇంట్లో జరిగింది

మా పెదనాన్నగారి అబ్బాయి, మా అన్నయ్య, 2018లో పైలట్ శిక్షణకు అమెరికా వెళ్లాడు. ఇంటర్ ఎంపీసీలో మంచి మార్కులు, చురుకైనవాడు. ఒక కన్సల్టెన్సీ ద్వారా మొత్తం ప్యాకేజీ ఫీజు ఒకేసారి కట్టేశారు. మొదటిసారి ఒంటరిగా విమానం నడిపిన రోజు ఫోటో పంపాడు. అందులో వాడి షర్టు వెనక భాగం కత్తిరించి ఉంది. మొదటి సోలో అయినవాళ్ల షర్టు అలా కత్తిరించి గోడకు తగిలించడం అక్కడి ఆనవాయితీ. అది తెలియక మా పెద్దమ్మ, "ఎవరితో గొడవపడ్డావురా?" అని కంగారుపడింది. ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. 7 నెలల్లో ముగ్గురు ఇన్‌స్ట్రక్టర్లు మారారు. కొత్త ఇన్‌స్ట్రక్టర్ వచ్చిన ప్రతిసారీ కొన్ని పాఠాలు మళ్లీ మొదటి నుంచి, మళ్లీ ఖర్చు. 170 గంటల దగ్గర ప్యాకేజీ డబ్బు అయిపోయింది. పెదనాన్న నూజివీడు దగ్గర ఉన్న ఎకరంన్నర మామిడి తోట అమ్మి మిగతాది పంపారు. అన్నయ్య అమెరికా లైసెన్స్ తెచ్చుకున్నాడు. కానీ ఆ లైసెన్స్‌తో ఇక్కడి విమానం నడపలేమని, ఇక్కడి పరీక్షలు విడిగా రాయాలని అప్పటిదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ పరీక్షలకు ఏడాది పైనే పట్టింది. ఆలోగా చేయి అలవాటు తప్పింది. చెక్ ఫ్లైట్ల కోసం మళ్లీ డబ్బు కట్టి గంటలు ఎగరాల్సి వచ్చింది. ఇప్పుడు వాడి దగ్గర భారత లైసెన్స్ ఉంది. ఎయిర్‌లైన్ పిలుపు కోసం చూస్తూ, పిల్లలకు నావిగేషన్ పాఠాలు చెబుతున్నాడు.

ఈ వ్యాసం కోసం పెదనాన్నకు ఫోన్ చేస్తే ఒకే మాట అన్నారు: "వాడు చదవలేదని కాదమ్మా. అడగాల్సినవి మేమే అడగలేదు." ఆ అడగాల్సినవే కింద రాస్తున్నాను.

పైలట్ లైసెన్స్ అంటే ఏమిటి?

జీతానికి విమానం నడపాలంటే కమర్షియల్ పైలట్ లైసెన్స్ కావాలి. దీన్ని సీపీఎల్ అంటారు. మన దేశంలో దీన్ని ఇచ్చేది డీజీసీఏ, అంటే పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్. అమెరికాలో ఆ పని ఎఫ్‌ఏఏ అనే సంస్థది. ఏ దేశంలో రిజిస్టర్ అయిన విమానం నడపాలంటే ఆ దేశపు గుర్తింపు ఉండాలి. మన ఎయిర్‌లైన్స్‌లో ఉద్యోగం అంటే చివరికి చేతిలో ఉండాల్సింది డీజీసీఏ ఇచ్చిన లైసెన్సే. విదేశంలో చేసిన శిక్షణ వృథా కాదు. అక్కడ ఎగిరిన గంటలు ఇక్కడ లెక్కలోకి వస్తాయి. కాకపోతే ఆ లైసెన్స్‌ను ఇక్కడి లైసెన్స్‌గా మార్చుకోవాలి. దీన్నే కన్వర్షన్ అంటారు.

డీజీసీఏ సీపీఎల్‌కు ముఖ్యమైన అర్హతలు ఇవి: 18 ఏళ్లు నిండాలి. ఇంటర్ లేదా 12వ తరగతిలో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. మన భాషలో చెప్పాలంటే ఎంపీసీ. బైపీసీ, సీఈసీ చదివిన పిల్లలు తమకు లేని సబ్జెక్టును జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా రాసి అర్హత తెచ్చుకుంటుంటారు. మొత్తం 200 గంటలు ఎగిరి ఉండాలి. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదే అయ్యేలా నడపాలి. ఆ హోదాలోనే 50 గంటలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లే క్రాస్ కంట్రీ ప్రయాణాలు చేయాలి. వాటిలో ఒకటి కనీసం 300 నాటికల్ మైళ్ల ప్రయాణం కావాలి. రాత్రిపూట నడపడం, బయటేమీ కనబడకపోయినా పరికరాలు చూసి నడపడం కూడా ఇందులో భాగమే.

మరి విదేశానికి ఎందుకు వెళ్తున్నారు?

మన దగ్గర శిక్షణ లేదని కాదు. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వ ఇందిరా గాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఉంది. ప్రవేశ పరీక్ష ద్వారా తీసుకుంటారు. హైదరాబాద్‌లో తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ ఉంది. మహారాష్ట్రలోని అమ్రావతిలో శిక్షణ సంస్థ పెడుతున్నట్టు ఎయిర్ ఇండియా 2024లో ప్రకటించింది. పేరు చూసి కొందరు మన అమరావతి అనుకున్నారు, అది వేరు.

అయినా చాలామంది బయటికి వెళ్లడానికి కారణాలున్నాయి. ఇక్కడ వానాకాలంలో చిన్న విమానాలు రోజుల తరబడి నేల మీదే ఉంటాయి. విద్యార్థుల సంఖ్యకు సరిపడా విమానాలు, ఇన్‌స్ట్రక్టర్లు లేని చోట 200 గంటలు పూర్తవడానికి రెండేళ్లు దాటిపోతుంది. అమెరికాలో ఫ్లోరిడా, టెక్సస్, అరిజోనా లాంటి రాష్ట్రాల్లో చిన్న ఎయిర్‌పోర్టులు చాలా ఉన్నాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎగరడానికి వీలవుతుంది. దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్, కెనడా, ఆస్ట్రేలియా కూడా మన పిల్లలు వెళ్లే దేశాలే. నిబంధనలు దేశానికో రకంగా ఉంటాయి కాబట్టి ఇక్కడ అమెరికానే ఉదాహరణగా తీసుకుంటాను.

అమెరికా లెక్కలో నాలుగు మలుపులు

మొదటిది గంటల తేడా. అమెరికాలో రెండు రకాల శిక్షణ ఉంది. పార్ట్ 61 పద్ధతిలో సీపీఎల్‌కు 250 గంటలు కావాలి. ఎఫ్‌ఏఏ ఆమోదించిన సిలబస్‌తో నడిచే పార్ట్ 141 స్కూల్లో 190 గంటలకే ఇస్తారు. వినడానికి 190 చవక. కానీ మన డీజీసీఏ అడిగేది 200. అంటే అక్కడ పాసై వచ్చినా ఇక్కడ 10 గంటలు తక్కువ. పైలట్ ఇన్ కమాండ్ గంటలు కూడా తక్కువ పడొచ్చు. అందుకే లాగ్‌బుక్‌లో ఏ గంటను ఏ ఖాతాలో రాస్తున్నారో డీజీసీఏ నిబంధన పక్కన పెట్టుకుని నెలనెలా చూసుకోవాలి. తిరిగొచ్చాక చూసుకుంటే దిద్దుకోవడం కష్టం.

రెండోది కనీస గంటలు, నిజమైన గంటలు. మొదటి మెట్టు అయిన ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కు అక్కడ కనీసం 40 గంటలు చాలు. ప్యాకేజీ కాగితంలో వేసే లెక్క చాలాసార్లు ఈ కనీసం మీదే ఉంటుంది. చాలామంది విద్యార్థులకు అంతకంటే ఎక్కువే పడుతుంది. అది పిల్లల తెలివితక్కువ కాదు, సహజం. విమానం అద్దె, ఇన్‌స్ట్రక్టర్ ఫీజు గంటల లెక్కన ఉంటాయి కాబట్టి ఆ తేడా మన జేబులోంచే పోతుంది.

మూడోది ఇన్‌స్ట్రక్టర్లు మారడం. దీని వెనక ఒక కారణం ఉంది. 2009 ఫిబ్రవరిలో అమెరికాలోని బఫలో నగరం దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయారు. ఆ తర్వాత అక్కడ చట్టం మారింది. 2013 నుంచి ఎయిర్‌లైన్‌లో కో-పైలట్‌గా చేరాలన్నా సాధారణంగా 1,500 గంటల అనుభవం కావాలి. 250 గంటలతో లైసెన్స్ తెచ్చుకున్న కుర్రాడు మిగతా గంటలు ఎలా సంపాదించాలి? ఎక్కువమంది ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగంలో చేరతారు. 1,500 నిండగానే ఎయిర్‌లైన్‌కు వెళ్లిపోతారు. మా అన్నయ్యకు ముగ్గురు మారింది ఇందుకే. వాళ్ల తప్పేమీ లేదు. కానీ ఇన్‌స్ట్రక్టర్ మారితే అదనపు గంటల ఖర్చు ఎవరిదో ముందే అడగాలి.

నాలుగోది వీసా. అమెరికా ఫ్లైట్ స్కూళ్లలో చాలావరకు ఎం-1 అనే వృత్తి శిక్షణ వీసా మీద చేర్చుకుంటాయి. ఈ వీసా మీద చదువుకుంటూ ఉద్యోగం చేయకూడదు. ఎమ్మెస్‌కు వెళ్లిన పిల్లల్లా క్యాంపస్‌లో పార్ట్‌టైమ్ చేసి ఖర్చులు పూడ్చుకుందాం అంటే కుదరదు. "ముందు వెళ్లనీ, తర్వాత అక్కడే ఎయిర్‌లైన్‌లో చేరిపోతాడు" అన్న మాట కూడా నమ్మకండి. 1,500 గంటల నిబంధన ఒక పక్క, వీసా ఒక పక్క అడ్డం ఉంటాయి. ఇక అమెరికాలో విదేశీ విద్యార్థి విమాన శిక్షణ మొదలుపెట్టాలంటే అక్కడి రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏ తనిఖీ కూడా పూర్తి కావాలి.

తిరిగొచ్చాక ఏముంటుంది?

ఎయిర్ రెగ్యులేషన్స్, నావిగేషన్, వాతావరణ శాస్త్రం లాంటి సబ్జెక్టుల్లో డీజీసీఏ పరీక్షలు ఉంటాయి. పాస్ మార్కు 70 శాతం. మన పిల్లలకు 35 అలవాటు కాబట్టి ఈ అంకె గుర్తుపెట్టుకోండి. ఆర్‌టీఆర్ అనే రేడియో లైసెన్స్ కావాలి. ఇందులో నోటితో జవాబు చెప్పే పరీక్ష ఉంటుంది. విదేశీ లైసెన్స్ అసలైనదేనా అని డీజీసీఏ ఆ దేశాన్ని అడిగి నిర్ధారించుకుంటుంది. క్లాస్ 1 మెడికల్ చెల్లుబాటులో ఉండాలి. తర్వాత చెక్ ఫ్లైట్లు.

ఇవన్నీ అయ్యాక లైసెన్స్ వస్తుంది కానీ, ఖర్చు అక్కడితో ఆగదు. శిక్షణలో పిల్లలు నడిపేది నాలుగు సీట్ల సెస్నా లాంటి చిన్న విమానాలు. ఎయిర్‌బస్ ఎ320 లేదా బోయింగ్ 737 నడపాలంటే ఆ విమానానికి ప్రత్యేకంగా టైప్ రేటింగ్ చేయాలి. కొన్ని సంస్థల్లో చేరాక చేయిస్తారు, చాలాసార్లు ఖర్చు మాత్రం అభ్యర్థిదే. ఇది పది లక్షల పైమాటే. మా ఇంట్లో చేతికందిన డబ్బంతా మొదటి మెట్టు మీదే పెట్టేశాం. చివరి మెట్టు దగ్గరకు వచ్చేసరికి ఏమీ మిగల్లేదు.

"పైలట్ల కొరత ఉందట కదా?" అని చాలామంది అంటారు. 2023లో ఇండిగో ఒకేసారి 500 విమానాలు, ఎయిర్ ఇండియా 470 విమానాలు ఆర్డర్ చేశాయి. అవి వస్తున్నకొద్దీ పైలట్లు కావాల్సిందే. కానీ అనుభవమున్న కెప్టెన్ల అవసరం వేరు, 200 గంటల కొత్త లైసెన్స్‌కు వచ్చే అవకాశం వేరు. ఈ రంగంలో ఎత్తుపల్లాలు కూడా ఎక్కువ. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ సర్వీసులు ఆపేసినప్పుడు వందలమంది అనుభవజ్ఞులైన పైలట్లు ఒక్కసారిగా ఉద్యోగాల వేటలో పడ్డారు. వాళ్లతో పాటే కొత్తవాళ్లూ లైనులో నిలబడ్డారు. పిల్లల్ని భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. లైసెన్స్ వచ్చాక ఏడాది, రెండేళ్లు ఖాళీగా ఉన్నా అప్పు వాయిదా కట్టగలమా అని ముందే లెక్క వేసుకోవడానికి చెబుతున్నాను.

అప్పు సంగతి: బ్యాంకుల విద్యారుణం సాధారణంగా 7.5 లక్షలు దాటితే ఇల్లో, స్థలమో తాకట్టు అడుగుతాయి. అంటే శిక్షణ మధ్యలో ఆగిపోతే పోయేది ఫీజు ఒక్కటే కాదు.

సరైన వరుస ఇది

1. మెడికల్ ముందు. మొదట డీజీసీఏ జాబితాలోని డాక్టర్ దగ్గర క్లాస్ 2, తర్వాత గుర్తింపు పొందిన కేంద్రంలో క్లాస్ 1. కళ్లద్దాలు ఉన్నాయని నిరాశపడకండి. అద్దాలతో చూపు నిర్ణీత ప్రమాణానికి వస్తే చాలు. కానీ రంగులు గుర్తించడంలో లోపం ఉంటే పెద్ద అడ్డంకి అవుతుంది. ఇది చాలా ఇళ్లలో పిల్లలకే తెలియదు. మామూలు కంటి డాక్టర్ దగ్గర పది నిమిషాల పరీక్షతో బయటపడుతుంది. పిల్లవాడు తొమ్మిదో తరగతిలో ఉన్నా సరే, ఆ ఒక్క పరీక్ష ఇప్పుడే చేయించండి.

2. డీజీసీఏ పరీక్షలు రెండోది. ఇంటర్ అయ్యాక ఇక్కడే ఉండి చదివి, వీలైనన్ని పాసయ్యాక విమానం ఎక్కించండి. ఆ పుస్తకాలతో ఆరు నెలలు కూర్చోగలిగారంటే ఈ చదువు మీద పిల్లలకు నిజమైన ఇష్టం ఉన్నట్టే. కూర్చోలేకపోతే అది ఇక్కడే, తక్కువ ఖర్చులో తెలిసిపోతుంది.

3. స్కూలు ఎంపిక మూడోది. ఆ స్కూల్లో ఇప్పుడు చదువుతున్న భారతీయ విద్యార్థులతో, అక్కడ పూర్తిచేసి ఇక్కడ లైసెన్స్ మార్చుకున్నవాళ్లతో మీరే మాట్లాడండి. కన్సల్టెన్సీ కలిపించిన ఒక్కరితో సరిపెట్టుకోకండి.

4. డబ్బు ఎప్పుడూ విడతలవారీగా. ఎగిరిన గంటలకు బిల్లు కట్టే పద్ధతి ఉన్న స్కూలు మేలు. మొత్తం ఒకేసారి కడితే రాయితీ అంటే ఆగి ఆలోచించండి.

5. తిరిగొచ్చాక కావాల్సిన డబ్బు విడిగా పెట్టండి. కన్వర్షన్, టైప్ రేటింగ్, ఖాళీగా ఉండే నెలలు, ఈ మూడింటి లెక్క వేసి, ఆ మొత్తాన్ని ముట్టుకోకుండా ఉంచగలిగితేనే మొదటి విడత కట్టండి.

స్కూలును రాతపూర్వకంగా అడగాల్సినవి: మీ దగ్గర విమానాలు ఎన్ని, విద్యార్థులు ఎంతమంది? పోయిన ఏడాది విద్యార్థులు సీపీఎల్ పూర్తిచేయడానికి నిజంగా ఎన్ని నెలలు పట్టింది? అదనపు గంటకు ధర ఎంత? మధ్యలో మానేస్తే, లేదా స్కూలు మూతపడితే ఎంత వెనక్కి వస్తుంది? డీజీసీఏ అడిగే 200 గంటలు, 100 గంటల పైలట్ ఇన్ కమాండ్ మీ ప్యాకేజీలోనే పూర్తవుతాయా? జవాబు ఫోన్‌లో కాదు, మెయిల్‌లో తీసుకోండి.

ఇంగ్లిష్ టీచర్‌గా ఒక మాట

1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ ఆకాశంలో సౌదీ విమానం, కజకిస్థాన్ విమానం ఢీకొని 349 మంది చనిపోయారు. ఒకటి 14,000 అడుగుల్లో, రెండోది 15,000 అడుగుల్లో ఉండాలి. 15,000 దగ్గర ఆగాల్సిన కజక్ విమానం కిందికి దిగిపోయింది. రేడియోలో వచ్చే ఇంగ్లిష్‌ను ఆ సిబ్బంది సరిగా అందుకోలేకపోవడం ఒక కారణమని తేలింది. ఇలాంటి ప్రమాదాల తర్వాత అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పైలట్లకు ఇంగ్లిష్ ప్రమాణాలు పెట్టింది. 2008 నుంచి అమల్లోకి వచ్చాయి. ఆరు స్థాయిల్లో కనీసం నాలుగోది ఉండాలి.

ఈ పరీక్షలో చూసేది అమెరికన్ యాస కాదు, గ్రామర్ మార్కులు కాదు. విన్నది అర్థం చేసుకోవడం, అర్థమైనట్టు తిరిగి చెప్పడం, అర్థం కాకపోతే వెంటనే మళ్లీ అడగడం. రేడియోలో తొమ్మిదిని నైన్ అనకుండా నైనర్ అంటారు, ఫైవ్ లాగా వినబడకూడదని. అంత జాగ్రత్త. అన్నయ్య కూడా ఇదే చెబుతాడు: మొదటి నెలలో కంట్రోల్ టవర్ వాళ్లు వేగంగా చెప్పింది అర్థం కాక, మళ్లీ అడగడానికి సిగ్గుపడి, ఇన్‌స్ట్రక్టర్ చేత చీవాట్లు తిన్నాడట.

క్లాసులో "మేడమ్, అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అని చేయెత్తే పిల్లలు తక్కువ. ఇంట్లో కూడా అలా అడిగితే విసుక్కోకండి. పైలట్ అయినా, ఇంకేదైనా, ఆ అలవాటు వాళ్లను కాపాడుతుంది. పెద్దవాళ్లకూ అంతే. కన్సల్టెన్సీ ఆఫీసులో ఏసీ గదిలో కూర్చుని అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టే ముందు, మనమూ చేయెత్తి అడగాలి.

మొన్న ఆ నాన్నగారికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. స్థలం బేరం పక్కన పెట్టారు. ఆదివారం పాపను కంటి డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లారు. రంగులన్నీ సరిగ్గా చెప్పిందట. అమ్మాయిలకు ఈ ఉద్యోగం ఎలా అని ఆయనకు కొంచెం సందేహం ఉండేది. మన దేశ పైలట్లలో మహిళల వాటా ప్రపంచ సగటు కంటే బాగా ఎక్కువ అని చెప్పాను. ఆ పాప ఇప్పుడు ఫిజిక్స్ మేడమ్ దగ్గరకు వెళ్లి విమానం గాల్లో ఎలా నిలుస్తుందో అడుగుతోందట. నాలుగేళ్ల టైముంది. అడగనివ్వండి.